బంతి బయటపడని గొయ్యి

రెండువేల ఇరవైనాలుగు, ఫిబ్రవరి తొమ్మిది. పుష్య అమావాస్య, పైగా శుక్రవారం. రాత్రి తొమ్మిదిన్నర. నౌపడ ఉప్పుమళ్లు దాటాక సముద్రపొడ్డున ఉన్న దొర గొయ్యి దగ్గర, మా పెదనాన్నగారి మనవడు త్రినాథ్ ఒక్కడే కూర్చున్నాడు.

ఆ వేళప్పుడు అటుకేసి కుక్క కూడా వెళ్లదు.

ఎందుకంటే — తొంభై ఏళ్ల కిందట ఉప్పు కొఠార్ల దొరలు గోల్ఫు ఆడుకోడానికి అక్కడో మైదానం వేయించుకున్నారట. ఓ దొర కొట్టిన బంతి అన్నిటికంటే లోతైన ఇసక గోతిలో పడింది. దిగి కొట్టాడు, రాలేదు. మళ్లీ కొట్టాడు... నలభైసార్లు ఇసక లేచింది గానీ బంతి లేవలేదు. ఆఖరికి ఆయనే పడిపోయాడు, మరి లేవలేదు. చీకటి రాత్రుల్లో ఇప్పటికీ దిగి కొడుతూనే ఉంటాడని మా వైపు చెప్పుకుంటారు.

దొరలు పోయారు. మైదానం సరుగుడు తోటయింది. కథ మాత్రం మిగిలింది.

కిందటేడు ఓ కంపెనీ ఆ మైదానాన్ని ఉన్నదున్నట్టు మళ్లీ నిలబెడతామని వచ్చింది. సరుగుడు కొట్టించి, పాత ఫొటోలు చూసుకుంటూ పూడిపోయిన గోతులు తవ్వించి, సముద్రపు ఇసక పోయించింది. ఆ పనికి త్రినాథ్ మేస్త్రీ. చెన్నైలో ఎనిమిదేళ్లు సెంట్రింగు పని చేసి విసిగి వచ్చినవాడు. పని నచ్చితే మైదానం చూసుకునే ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. ఇంట్లో భార్య ధనలక్ష్మికి ఏడో నెల.

అన్నీ కుదిరాయి, దొర గొయ్యి ఒక్కటే కుదర్లేదు. సాయంత్రం తల దువ్వినంత నున్నగా సర్దిన ఇసక తెల్లారేసరికి చెదిరిపోయి ఉండేది. ఒకసారి కాదు, రెండుసార్లు. గోతి అంచు నుంచి సముద్రం దాకా ఏదో బరువైనదాన్ని ఈడ్చుకెళ్లిన జాడ... కూలీలు తట్టలక్కడే పడేసి పోయారు.

మర్నాడు ఏడింటికి మైదానం పటం గీసిన కౌముది మేడం వస్తుంది. గొయ్యి ఫొటోలో ఉన్నట్టు లేకపోతే పని ఇంకొకరికి. త్రినాథ్‌కి మళ్లీ చెన్నై రైలే.

"ఒరే, ఉజ్జోగం పోతే పోనాది. నువ్వెల్లి ఆ దొర సేతిలో పడకురా" అంది వాళ్లమ్మ దాలమ్మ. వినకపోతే జేబులో కూర్మనాథస్వామి కుంకం పొట్లం పెట్టి పంపింది.

సరిగ్గా తొమ్మిదిన్నరకి కరెంటు పోయింది. కంపెనీ మైదానం చుట్టూ వేయించిన స్తంభాల మీద లైట్లన్నీ ఆరిపోయాయి.

కాసేపటికి — హుస్స్...

ముసలాయన ఎవరో నిట్టూర్చినట్టు. గోతిలోంచి.

త్రినాథ్ గోతి వైపు తిరిగాడు. మళ్లీ — హుస్స్... ఆ వెంటనే ఫట్‌మని ఇంత ఇసక ఎగిరొచ్చి ముఖాన పడింది. ఫట్... ఫట్...

దొర కొడుతున్నాడు!

పారిపోదామంటే, తెల్లారితే మేడం వస్తుంది. అప్పుడు వాడికొకటి తోచింది — బంతి బయటికొచ్చేస్తే ఆయన వెళ్లిపోతాడు కదా! మేడం ఇచ్చిన కొత్త బంతి జేబులోనే ఉంది. తీసి గట్టు మీద పెట్టాడు.

"దొరా..." అన్నాడు గుసగుసగా. "బంతి బయటకొచ్చేసినాది. నువ్వే గెలిసినావు. ఇంక ఎలిపో బాబూ... తెల్లారితే మేడం వస్తాది."

ఇసక ఎగరడం ఆగింది.

విన్నాడు!

అరగంట ఆగి, సెల్‌ఫోన్ వెలుగుని వేళ్ల సందుల్లోంచి గోతిలోకి వదిలాడు.

తెల్లటి బంతి. పక్కన ఇంకోటి. పది... ఇరవై... చూస్తుండగానే ఇంకోటి టప్‌మని పడింది.

"ఓర్నాయనో! దొర ఇన్ని బంతులు దాసినాడేటి!"

బంతుల పైన — తట్టంత వీపు. తెడ్లలాంటి కాళ్లు. కళ్లమ్మట నీళ్లు కారుస్తూ, గుడ్లు పెడుతున్న సముద్రపు తాబేలు.

త్రినాథ్ వెలుగు ఆర్పేసి, కుంకం పొట్లం పట్టుకుని ఇసకలోనే సాష్టాంగపడ్డాడు. మొన్న రెండుసార్లూ లైట్లకి బెదిరి తల్లి వెనక్కి పోయిందన్నమాట.

తెల్లారి మేడం వచ్చేసరికి ఇంటిల్లిపాదీ అక్కడే ఉన్నారు. దాలమ్మ గొయ్యి చుట్టూ పసుపుతాడు కట్టేసి, తాబేలు తల్లికని కొబ్బరికాయ కొట్టింది. మేడం పాత ఫొటో తీసి, సముద్రం దాకా ఉన్న జాడని చూసి, మళ్లీ ఫొటో చూసింది.

"ఫొటోలో గొయ్యి నుంచి సముద్రం దాకా ఉన్న ఈ చారని ఇన్నాళ్లూ మడత అనుకున్నానయ్యా. ఆ రోజుల్లోనూ తాబేళ్లు ఇక్కడికే వచ్చేవన్నమాట. ఉన్నదున్నట్టు కట్టింది నువ్వొక్కడివే. ఉద్యోగం నీదే. మరి ఇందులో బంతి పడితే?"

"బయటెట్టుకుని ఆడుకోమనండి మేడం. రాత్రి దొరకీ అదే సెప్పినాను."

"యాభై రోజులకి పిల్లలవుతాయట. మనోడికంటే ముందే వచ్చేస్తాయి" అని నవ్వింది ధనలక్ష్మి.

అప్పుడు గుర్తొచ్చి త్రినాథ్ గట్టు మీద చూశాడు. తను పెట్టిన బంతి లేదు. అందరూ వెతికారు. తాబేలు జాడ ఆ గట్టు వైపు వెళ్లనే లేదు...

దాలమ్మ సంచీలోంచి రెండో కొబ్బరికాయ తీసి, ఇది దొరకి అని కొట్టింది.