రెండు వందల లేబుళ్లు

"ఎవరు రాయమన్నారు నిన్ను పెన్నుతో?"

నాచు నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది కాదు గానీ, గుండెల్లో దిగిన మొదటి ప్రశ్న మాత్రం ఇదే.

ఆ పిల్లకి ఆ పేరు పెట్టింది మా క్లాసువాళ్లమే. మూడేళ్లుగా ఎక్కడ నాచు కనిపించినా అక్కడే చతికిలబడి, మెడలో వేలాడే బుల్లి భూతద్దం కంటికి ఆనించుకుని కూర్చుంటుంది మరి. వేసవి ఫీల్డ్ కోర్సుకి బోటనీ మేడమ్ మమ్మల్ని జతలుగా విడగొట్టినప్పుడు, నా అదృష్టమో ఆమె ఖర్మో, నాకు జతగా నాచు వచ్చింది. పదిహేను రోజులు అడవిలో క్యాంపు. ఇవాళ సాయంత్రం నాలుగింటికి బస్సు.

పని పంచుకున్నాం. టెంట్లు, తాళ్లు, మొక్కల్ని ఆరబెట్టే పాత పేపర్లు ఆమె చూసుకుంది. అక్కడ కోయబోయే ప్రతి మొక్కకీ కట్టాల్సిన లేబుళ్లు నా వంతు. కోర్సు పేరు, జత నంబరు, వరస నంబరు. నా దస్తూరి ముత్యాల్లా ఉంటుందని చిన్నప్పట్నుంచీ అందరూ అంటారు. రెండు రోజులు కూర్చుని, నీలం ఇంకుతో రెండు వందలూ రాసి, దారాలు కట్టి, ల్యాబ్ వరండాలో బల్ల మీద పరిచి తెగ మురిసిపోయాను.

ఒంటిగంటకి గాలివాన వచ్చింది. ఒక్క జల్లు ఏటవాలుగా వరండాలోకి కొట్టింది, అంతే. నా ముత్యాలన్నీ నీలం నీళ్లయి బల్ల మీంచి కారిపోయాయి.

"పెన్సిల్‌తో రాయాలని ఫస్ట్ ఇయర్ వాళ్లనడిగినా చెప్తారు! అడవిలో వాన పడదా మహానుభావా?"

"అందంగా ఉంటుందని..."

"ఉందా ఇప్పుడు?"

లేబుళ్లు సిద్ధంగా లేని జతని బస్సెక్కించనని మేడమ్ మొదటి రోజే చెప్పేశారు. నాకేం, సెలవుల్లో సరదాగా ఉంటుందని పేరిచ్చినవాణ్ని, ఇంటికెళ్లి ముసుగుతన్ని పడుకుంటాను. నాచు సంగతి అలా కాదు. పోయినేడాది వాళ్లమ్మ ఆపరేషన్ వల్ల ఈ కోర్సు వదులుకుంది. ఇది ఆఖరి సంవత్సరం. ఇప్పుడు తప్పితే ఇంక లేదు.

ఆమె ఏడవలేదు. ముక్కు మాత్రం ఎర్రబడింది. రెండు పెన్సిళ్లు చెక్కి ఒకటి నా చేతిలో పెట్టింది.

"నీకు వంద, నాకు వంద. కానివ్వు."

రెండున్నరకల్లా నా వేళ్లు చచ్చుబడ్డాయి. "అయినా గోడ మీద పాకే నాచు కోసం ఇంత తిప్పలేంటి?" అని నోరు జారాను.

ఆమె పెన్సిల్ కింద పెట్టింది. అయిపోయానురా అనుకున్నాను.

"లే," అంది.

వరండా చివర, వాన తగలని గోడ దగ్గరికి లాక్కెళ్లింది. అక్కడ అడుగంటిన గిన్నెలా నల్లగా నాచు పెచ్చులు కట్టి ఉంది.

"ఇది బతికుందా, చచ్చిందా?"

"చచ్చి ఏడాదైనట్టుంది."

మెడలోంచి తీయకుండానే భూతద్దాన్ని నా కంటికి ఆనించింది. తాడు పొట్టిది కావడంతో ఆమె చెంప నా చెంపకి బెత్తెడు దూరంలోకి వచ్చింది. రెండో చేయి చాచి, చూరు నీళ్లు వేలి కొసన పట్టి, ఒక్క చుక్క వదిలింది.

కదిలింది!

ఒట్టు, నా కళ్లతో చూశాను. ముడుచుకుపోయిన నల్లటి పోగులు ఒక్కొక్కటే మెలి విప్పుకుని, వెనక్కి వాలి, ఆకులైపోయాయి. నలుపు పోయి పచ్చన, ఆ పచ్చలోంచి వెలుతురు. చుక్క పాకిన మేరా, నా గోరంత చోటులో, ఒక అడవి లేచి నిలబడింది! మూడేళ్లు ఈ గోడకే వీపు ఆనించి కబుర్లాడాను, సిగ్గులేకుండా.

"నెలల తరబడి ఇలాగే ఎండిపోయి ఉంటుంది. ఒక్క చుక్క చాలు," అంది మెల్లగా. "ఆ అడవిలో రాళ్ల నిండా ఇవే. ఎన్ని రకాలో ఇంకా ఎవరూ చూడలేదు."

ఆమె వైపు తిరిగాను. ఎన్నిసార్లు చూసుంటుందో, అయినా ఇదే మొదటిసారన్నట్టు కళ్లింతలు చేసుకుని చూస్తోంది. నాకు ఒళ్లు జలదరించింది. గోడని చూసో, ఆమెని చూసో చెప్పలేను.

పరుగున వచ్చి పెన్సిల్ పట్టుకున్నాను.

నాలుగింటికి మేడమ్ వచ్చేసరికి నూట నలభై అయ్యాయి.

"అరవై తక్కువ," అన్నారు.

"తప్పు నాది మేడమ్. ఇంకుతో రాశాను. నన్ను వదిలేసి ఆమెని తీసుకెళ్లండి."

"నీ త్యాగాలు ఎవరడిగారు?" నాచు నా మీద విరుచుకుపడింది. "మేడమ్, ఇతను ఇవాళ చూశాడు. నిజంగా చూశాడు. మిగతావి బస్సులో రాస్తాం. వస్తే ఇద్దరం వస్తాం, లేదంటే ఇద్దరం ఆగిపోతాం."

ఇంకో వేసవి లేని పిల్ల అంటున్న మాట అది!

మేడమ్ ఒక లేబుల్ తీసి, ఇంకా తగ్గని వానలోకి చాచారు. అక్షరం చెక్కుచెదరలేదు.

"ఏం చూశావోయ్?"

చెప్పబోయాను. పిడికిలి బిగించాను, ఆ పోగుల్లా మెల్లగా విప్పాను. కళ్లలో నీళ్లు తిరిగాయి, ఛీ, పరువంతా పోయింది.

మేడమ్ ఆ లేబుల్ నా చేతిలో పెట్టి, "ఎక్కండి," అన్నారు.

వెనక సీట్లో, ఒళ్లో అట్టలు పెట్టుకుని రాస్తున్నాం.

"నాచూ."

"ఊఁ."

"నువ్వంటే నాకిష్టం. చాలా."

తల ఎత్తలేదు. "చెయ్యి ఆపకుండా చెప్పు. ఇంకా నలభై మూడున్నాయి."

"ఆపలేదుగా."

"సరే, విన్నాను." ఇంకో లేబుల్ అందుకుని, "నాకూ," అంది, గొంతులోనే.

ఆమె పెన్సిల్ సర్రున జారి, లేబుల్ మీద ఈ చివర్నుంచి ఆ చివరికి గీత పడింది.

రోడ్డు మీద ఒక్క గతుకు కూడా లేదు.