వంపులో మూడు దెబ్బలు

అది ఎనభై ఏడో సంవత్సరం, చలికాలం. లాకులకు దిగువన కాలవ వంపు తిరిగే చోటును పొద్దుగూకాక దాటొద్దని పడవవాళ్లు చెప్పుకునేవారు. అక్కడ ఏదో ఉందట. ఏముందయ్యా అంటే ఒక్కడూ చెప్పలేడు. చూసొచ్చినవాడు లేడు, భయపడనివాడూ లేడు.

ఆ వంపులోనే, మంచు కమ్మిన ఓ రాత్రి, సిమెంటు బస్తాల ఓడ రాతిగట్టుకు కొట్టుకుని మునిగింది. ఓడ నడిపే సరంగు మహానుభావుడు అందరికంటే ముందు ఒడ్డెక్కాడు— తలగడతో సహా. ఇంజను మనిషి ఒక్కడే కనబడలేదు.

"దూకాడు, కొట్టుకుపోయాడు," అని సరంగు తేల్చేశాడు.

ఆ ఇంజను మనిషి లాకుల కాపలాదారుకు బావమరిది. ఆయన భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. కనీసం శవమైనా దొరక్కపోతుందా అని ఆమె గట్టు మీదే కూర్చుంది. కాపలాదారుకు మాత్రం దెయ్యాలన్నా, సరంగులన్నా, అత్తవారి వైపు మనుషులన్నా ఒకటే చులకన.

మర్నాటి రాత్రి వినబడింది.

టంగ్... టంగ్... టంగ్.

లాకు తలుపు తియ్యమని పడవవాళ్లు ఇనపరేకు మీద కొట్టే మూడు దెబ్బలు. కాపలాదారు లాంతరు పట్టుకుని బయటికొచ్చాడు. కాలవ మీద పడవ లేదు. వంపు వైపు నుంచి మళ్లీ— మూడు.

లోపలికొచ్చి గడియ పెట్టుకున్నాడు.

తెల్లారి ఆమె ఆ చప్పుడేమిటని సరంగును అడిగితే, "వంపులో దెయ్యం, అమ్మా. పగలు వినబడుతోందేమో చూడు," అన్నాడు. పగలు పొలాలకు నీళ్లు తోడే పంపుల రొదలో పిడుగు పడ్డా వినబడదు.

రెండో రాత్రీ అంతే.

"ఏవండీ... వాడేనేమో. పడవేసుకుని ఒక్కసారి చూసి రండి."

"ఇంత రాత్రప్పుడా? మతి పోయిందా?"

"పోనీ నేనెళ్తాను."

"కూర్చో! బతికుండగా ఒక్క పని సవ్యంగా చెయ్యని మీ తమ్ముడు, చచ్చాక లాకు పద్ధతి పాటిస్తున్నాడా?"

నవ్వాడు. చెయ్యి మాత్రం గడియ మీదే ఉంది.

మూడో రాత్రి దెబ్బలు ఆగలేదు. మూడు... మూడు... మళ్లీ మూడు.

"దారే కదరా నీక్కావాల్సింది? పో, పీడా విరగడవుతుంది!" అని కాపలాదారు పళ్లు నూరాడు. లాకుకున్న రెండు తలుపుల్లో ఒకటి తీసి, అది మూసి, రెండోది తియ్యడం పద్ధతి. దెయ్యం కోసం చీకట్లో అంతసేపు నిలబడే గుండె ఆయనకెక్కడిది? రెండూ ఒకేసారి ఎత్తేసి ఇంట్లోకి పరిగెత్తాడు. నీళ్లు హోరుమని దిగువకు దూకాయి.

కాసేపటికి దెబ్బలు ఆగిపోయాయి.

"చూశావా, వెళ్లిపోయాడు!" అన్నాడు, మీసం దువ్వుకుంటూ.

పొద్దున్నే ఓడను లేపడానికి క్రేను వచ్చింది. నీట్లోకి దిగిన డైవరు చాలాసేపటికి పైకి తేలాడు.

"నిన్న సాయంత్రం నేను చూసిపోయినప్పుడు ఇంజను గది గాలిగొట్టం నీళ్లకు జానెడు పైకే ఉందండి, ఇప్పుడు మునిగిపోయింది. రాత్రి నీళ్లెవరు వదిలారు?"

"లోపల మనిషున్నాడు. చేతిలో రెంచి ఉంది. ఒళ్లింకా బిగుసుకోలేదు."

కాపలాదారు భార్య మొగుడి వైపు తిరిగింది.

"తలుపు తియ్యమన్నాడండీ... మూడు రాత్రులు."

ఓడ మునిగిన రాత్రి ఎవరూ చావలేదు. లాకులు తీసిన రాత్రి ఒకడు చచ్చాడు. వయసు ముప్పై రెండు.