మోకాలి లోతు

మధ్యాహ్నం బడి గంటకు ఇంకా కాసేపే ఉంది. చెలమ దగ్గర కుసుమకుమారి బిందె ఒక్కటే మిగిలింది. తెనాలిలో నాటకం చూసొచ్చి, అందులో రాణి పేరు కూతురికి పెట్టుకున్నాడు వాళ్ల నాన్న. ఏం లాభం? రాణిగారికి ఇసుకలో చతికిలబడి కొబ్బరి చిప్పతో నీళ్లు తోడే పని తప్పలేదు.

సూర్యలంక ఒడ్డున ఆ గూడేనికి పంపులు రాని రోజులవి. వేసవిలో మంచినీళ్లకు ఆ చెలమే దిక్కు. చిప్పెడు తోడితే, మళ్లీ చిప్పెడు ఊరేదాకా ఆగాలి. మోకాలి లోతు దాటి ఎవరూ తవ్వకూడదని కట్టుబాటు.

"ఎందుకు తాతా?" అని నిన్ననే అడిగింది.

"కింద సముద్రం పడుకునుందే పిల్లా! నా చిన్నప్పుడు నడుం లోతు తవ్వానా, ఓ సొరచేప తల పైకెత్తి 'ఏం పోలయ్యా, నీళ్లు కావాలా, ఉప్పు కావాలా?' అనడిగింది. నా జుట్టు ముడి పట్టుకుని లాగింది కూడా. ఇదుగో, అందుకే ఈ బట్టతల!"

తాతవన్నీ కోతలే. ఇదీ కోతేననుకుంది కుసుమ.

ఆలస్యమైతే సార్ బయట నిలబెడతారు. చుట్టూ చూసింది. ఎవరూ లేరు. పార తెచ్చి గబగబా తవ్వింది. మోకాలు దాటింది. నడుం దాకా వచ్చింది. నీళ్లు బుడబుడా పైకి తన్నాయి. బిందె నిండింది. సొరచేప రాలేదు.

సాయంత్రం బసవమ్మ మామ్మ చెంబు పట్టుకుని వాకిట్లోకి వచ్చింది.

"అమ్మాయ్, గుక్కెడు మంచినీళ్లుంటే పొయ్యవే. మనవడికి ఒళ్లు కాలిపోతోంది. చెలమ నీళ్లు నోట పెట్టుకుంటే ఒట్టి ఉప్పే."

"అదేంటత్తా! మధ్యాహ్నం మా కుసుమ తెచ్చినవి బాగానే ఉన్నాయిగా!" అంది అమ్మ.

"ఎవరో లోతుగా తవ్వేశారు. మళ్లీ వానలు పడేదాకా అందులో తీపి ఊరదు."

తాత కుసుమ పావడా వంక చూశాడు. నడుం దాకా ఇసుక అంటుకుని ఉంది. ఆయన నవ్వలేదు.

"నేనే మామ్మా," అంది కుసుమ.

మామ్మ తిట్టలేదు. అమ్మ బిందె మొత్తం వంచబోతే చెంబు పక్కకి లాగేసుకుంది.

"చాల్చాలు. మీకూ కావాలిగా."

తిట్టినా బాగుండేదనిపించింది కుసుమకి.

మర్నాడు మగవాళ్లు మైలు దూరాన సరుగుడు తోట పక్కన కొత్త చెలమ తవ్వారు. మోకాలి లోతే. అందులో నీళ్లు మరీ నెమ్మదిగా ఊరుతున్నాయి. ఆడవాళ్లు ఎండలో వరుసగా కూర్చున్నారు.

కుసుమ వంతు వచ్చింది. తన బిందె పక్కన ఉంచి, ముందు బసవమ్మ మామ్మ బిందె పెట్టింది. తాత పక్కనే కూర్చున్నాడు. ఆయన కథ చెప్పలేదు. తనూ అడగలేదు.

దూరంగా బడి గంట మోగింది.

కుసుమ చిప్పెడు నీళ్లు తోడి బిందెలో పోసింది. చిప్ప ఒళ్లో పెట్టుకుని, మళ్లీ ఊరేదాకా కదలకుండా కూర్చుంది.