లోపలివాళ్లకు జవాబు

ఖానాపురం హవేలిలోని ఆ రెండు గదుల కిరాయి ఇంట్లో సాయంత్రం అయిదింటికే లైటు వేయాల్సి వచ్చింది. ముసురు విడవడం లేదు. నవత ముందు ఆమె భర్త సంపత్ ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. పక్క కుర్చీలో మామ బిక్షపతి, ముప్పై ఏళ్లు భూగర్భ గనిలో పనిచేసి రిటైరైన మనిషి, మోకాళ్ల మీద చేతులు ఆనించి కూర్చున్నాడు.

సంపత్ కనిపించక నాలుగు రోజులు. పాత గనుల చరిత్రంటే అతనికి పిచ్చి. ఆదివారం టేకులపల్లి అవతలి అడవికి ఫొటోల కోసం వెళ్లాడు. మోటారు సైకిల్ మాత్రమే దొరికింది. వెతుకుతున్నవాళ్లు చీకటి పడితే తిరిగొచ్చేస్తామన్నారు, రేపు ఇక రామన్నారు. ఎక్కడ చూడాలో ఈలోపే చెప్పాలి. సంపత్ క్లౌడ్‌లో దాచుకున్న ఫైళ్లు తొమ్మిది వేలు: పటాలు, ఫొటోలు, రికార్డింగులు. అవన్నీ గంటలో చూడటం మనిషి వల్ల అయ్యే పని కాదు. అందుకే ఆమె ఆ క్లౌడ్‌ను చాట్‌బాట్‌కు కలిపింది, కొత్తవేమైనా చేరితే వెంటనే చెప్పమంది.

"అది మనోణ్ని దేవులాడుతదా బిడ్డా? పొద్దుగాల పోయిన నా అద్దాలు గూడ దేవులాడమను."

"అది సోది చెప్పదు మామా. ఆయన దాచినయ్ చదివి చెప్తది."

చెప్పింది. చివరి ఫొటో ఆదివారం మధ్యాహ్నం 3.40కి తీసినది; వాగు ఒడ్డున, ఇటుకలతో మూసేసిన పాత గని సొరంగం ముఖద్వారం; నూరేళ్ల నాటి పటంలో దాని గుర్తు ఉంది. నవత ఆ చోటును జంపయ్యకు పంపింది. అడవి పల్లెకు చెందిన అతడే వెతికేవాళ్లకు దారి చూపుతున్నాడు. అరగంటకు ఫోన్ చేశాడు.

"వచ్చినమమ్మా. గోడ గట్టిగనే ఉంది. ఒక్క ఇటుక కదల్లే. మనిషి దూరే సందు లేదు."

అప్పుడే తెర మీద ఒక వాక్యం కనిపించింది. 'కొత్త ఆడియో ఫైల్ ఇప్పుడే చేరింది.'

"ఇప్పుడే! ఉన్నడు మామా… ఫోన్ పనిచేస్తుంది!"

రికార్డింగ్‌లో నీటి బొట్లు రాలుతున్నాయి. ఎవరిదో ఊపిరి. తర్వాత రాయి మీద మూడు దెబ్బలు. కాసేపు ఏమీ లేదు. మళ్లీ మూడు.

బిక్షపతి లేచి నిలబడ్డాడు. గని కప్పు కూలినప్పుడు లోపల చిక్కినవాళ్లు అలాగే కొడతారు. బయటివాళ్లు అన్నే దెబ్బలతో జవాబివ్వాలి. ఆ జవాబే లోపలివాళ్ల ప్రాణం పట్టి ఉంచుతుంది. ఒకసారి పదకొండు గంటలు అతడు దాని మీదే బతికాడు. కొడుక్కు దాన్ని ఆటగా నేర్పాడు కూడా.

"జంపయ్యా, రాయి తీస్కో! గోడ మీద మూడు దెబ్బలెయ్యి. జల్దీ!"

ఫోన్లో మూడు దెబ్బలు వినిపించాయి. ఆకుల మీద వాన చప్పుడు… అంతే. ఆ తర్వాత లోపలి నుంచి మూడు.

"పెద్దాయనా…" జంపయ్య గొంతు తగ్గిపోయింది. "లోపల ఉన్నరు."

"పగలగొట్టుండ్రి!" నవత అరిచింది.

గడ్డపారలు పడుతుండగానే రెండో ఫైల్ చేరింది. ఈసారి సంపత్ గొంతే. ఫోన్‌కు పెదవులు ఆనించి మాట్లాడినట్టు…

"నవతా, సిగ్నల్ లేదు. ఇది ఎప్పుడు చేరుతదో తెల్వదు. గోడ లోపల్నుంచి ఎవరో మూడుసార్లు కొట్టిండ్రు. నాయిన నేర్పినట్టే… బయట నిలబడి జవాబిచ్చిన. ఇయ్యకపోతే బాగుండు. ఎవ్వరూ జవాబియ్యకుండ్రి. గోడ ముట్టకుండ్రి…"

ఆమె చాట్‌బాట్‌ను అడిగింది: ఇవి ఎప్పటివి?

'రెండూ ఆదివారం సాయంత్రం నాలుగు దాటాక రికార్డయ్యాయి. ఈ రోజు నెట్‌వర్క్ అందాక చేరాయి.'

"జంపయ్యా, ఆపుండ్రి! ఆపు…"

ఇటుకలు కూలిన చప్పుడు.

"మట్టి అమ్మా. గోడకు ఆనుకొని నిండ మట్టి. చెయ్యి పెట్టే జాగ లేదు. మరి… కొట్టిందెవరు?"

ఎవరో కేక వేశారు. పరుగులు. మళ్లీ జంపయ్యే, గుసగుసగా.

"బురదల అడుగులు పడుతున్నయ్… మా కండ్ల ముందల. మనుషులు లేరు. ఉత్త అడుగులే. రోడ్డు దిక్కు పోతున్నయ్."

"ఎంతమంది?" అన్నాడు బిక్షపతి.

"శానా మంది. అన్నీ చిన్నపిల్లల కాళ్లే. నడుమ… ఒక్క జత బూట్లు."

లైన్ తెగిపోయింది.

పటాల మీద బొగ్గు ఎంత తీశారో రాసి ఉంటుంది. ఎవరు తీశారో, వాళ్ల వయసెంతో సంపత్ తొమ్మిది వేల ఫైళ్లలో ఒక్కటీ చెప్పదు.

"నవతా," అన్నాడు బిక్షపతి. "తలుపు గడియ పెట్టు బిడ్డా."

ఆమె లేచింది. గడియ దగ్గర చేయి ఒక్క క్షణం ఆగింది.

"నడుమ ఆయన ఉన్నడు మామా," అంది.

గడియ పెట్టలేదు. రెండు తలుపులూ బార్లా తెరిచి, తడి రోడ్డు వైపు చూస్తూ గడప దగ్గర నిలబడింది.

వెనక గదిలో చాట్‌బాట్ మరో వాక్యం రాసింది. బిక్షపతి ఒక్కడే దాన్ని చదివాడు.

'కొత్త ఆడియో ఫైల్. రికార్డయిన సమయం: ఇప్పుడు. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు తమ పేర్లు చెబుతున్నారు. చివరి గొంతు ఇంతకుముందు ఫైల్‌లో నవతను పిలిచిన మనిషిదే. ఆయన చెబుతున్న పేరు మాత్రం సంపత్ కాదు.'