కోడలికి కొట్టని షాక్

ఉదయం ఏడూ పదికి స్టేషన్‌కి ఫోన్ వచ్చింది. ఏడున్నరకల్లా ఇన్‌స్పెక్టర్ మూడో అంతస్తులోని ఆ ఫ్లాట్‌కి చేరాడు.

వంటగది వెనక చిన్న గది. బట్టలుతికే చోటు. ఇద్దరు నిలబడితే మూడోవాడికి చోటుండదు. తడి గచ్చు మీద ఒక పెద్దావిడ వెల్లకిలా పడి ఉంది. అరవై ఎనిమిదేళ్లు. రిటైర్డ్ నర్సు. కుడి అరచేతిలో చింతగింజంత నల్లటి మచ్చ.

ఎలక్ట్రిక్ షాక్. డాక్టర్ చెప్పక్కర్లేదు.

పక్కనే వాషింగ్ మెషిన్. కొని మూడు నెలలు. మీద అంటించిన ప్లాస్టిక్ కాగితం కూడా ఇంకా పూర్తిగా ఊడలేదు.

"మొదట ఎవరు చూశారు?"

"నేనే." గోడకి ఆనుకుని కోడలు నిలబడి ఉంది. ముప్ఫై దాటి ఉండదు. పళ్ల డాక్టర్ దగ్గర రిసెప్షనిస్ట్. "ఏడింటికి దబ్బుమని చప్పుడైంది. పరిగెత్తుకొచ్చాను."

"వచ్చి?"

"మెయిన్ ఆపేశాను. తర్వాతే అత్తయ్యని ముట్టుకున్నాను."

"కళ్లముందు మనిషి పడిపోతే ముందు మెయిన్ ఆపాలని తోచిందా? భలే నిబ్బరం!"

కోడలు అతని ముఖంలోకి చూసింది. "అత్తయ్యే నేర్పింది. నర్సు కదా."

ఇన్‌స్పెక్టర్ ఆ జవాబుని నమ్మలేదు. నోట్‌బుక్‌లో రాసుకుని కింద గీత గీశాడు.

ఎదురింటాయన మరో మాట చెప్పాడు. నిన్న సాయంత్రం ఆ ఇంట్లో పెద్ద గొడవ. 'ఈ మిషన్ నన్ను చంపేస్తుంది, నీక్కావలసిందీ అదేగా' అని ముసలావిడ అరవడం చెవులారా విన్నాడట.

ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్షన్ శాఖ నుంచి టెక్నీషియన్ వచ్చాడు. మెషిన్ ఆన్ చేశాడు. నీళ్లు పట్టనిచ్చాడు. మీటర్ పెట్టి రెండు నిమిషాలు చూశాడు. ముల్లు కదల్లేదు.

"కరెంటు లీకేజీ లేదు సార్. మెషిన్ బాగానే ఉంది."

"ప్లగ్ బోర్డు?"

"కొత్తది. ఈమధ్యే మార్చినట్టున్నారు."

"ఎవరు మార్పించారు?"

"నేనే," అంది కోడలు. "పాతది వేడెక్కుతోందని ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మార్పించాను. పోయిన వారం."

ఇన్‌స్పెక్టర్‌కి కేసు అరచేతిలో ఉన్నట్టు తోచింది. మెషిన్‌లో లోపం లేదు. బోర్డు మార్పించింది కోడలు. గొడవ జరిగింది నిన్న. చావు ఈరోజు.

తొమ్మిదిన్నరకి ఆమెని స్టేషన్‌కి రమ్మన్నాడు.

* * *

"ఆ మిషన్ నువ్వు వాడవా?"

"రోజూ వాడతాను."

"ఎప్పుడైనా షాక్ కొట్టిందా?"

"ఒక్కసారి కూడా కొట్టలేదు."

"మరి మీ అత్తగారికి?"

"కొడుతోందనేది. నేను ముట్టుకుని చూపించేదాన్ని. ఏమీ అయ్యేది కాదు. నాటకాలాడుతున్నానని ఆవిడ, చాదస్తమని నేను. రోజూ అదే రభస. సర్వీస్ వాళ్లని కూడా పిలిచింది. వాళ్లూ బాగానే ఉందన్నారు. ఆఖరికి మీ దగ్గరికి కూడా వచ్చింది కదండీ."

"మా దగ్గరికా? ఎప్పుడు?"

"ఇరవై రోజులైంది. ఇంటికొచ్చి ఆ పూట అన్నం ముట్టలేదు. ఏం జరిగిందో చెప్పలేదు."

"రాలేదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "వస్తే నాకు గుర్తుండదా?"

మూలనున్న బల్ల దగ్గర స్టేషన్ రైటర్ తలెత్తింది. ఇరవై రెండేళ్లుగా ఆ స్టేషన్ రికార్డులన్నీ రాస్తున్న హెడ్ కానిస్టేబుల్. లేచింది. బీరువాలోంచి ఫిర్యాదుల రిజిస్టర్ తెచ్చి అతని ముందు తెరిచి పెట్టింది.

నాలుగో తేదీ. ఉదయం పదకొండూ ఇరవై. ఆ ఇంటి నంబరే. కింద ఒకే ఒక్క వాక్యం.

'అత్తాకోడళ్ల తగాదా. సర్దిచెప్పి పంపడమైనది.'

ఆ వాక్యం అతని చేతిరాతలోనే ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. తెల్ల చీర. చంకలో సంచి. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం. 'బాబూ, మిషన్ ముట్టుకుంటే జిల్లుమంటోంది. మా కోడలికి ఏమీ కాదు, నాకే అవుతోంది. అదేం చేసి పెట్టిందో కాస్త వచ్చి చూడు' అంది.

తను ఏమన్నాడు?

'అయితే ఎవర్ని అరెస్ట్ చెయ్యమంటారు? కోడల్నా, మిషన్‌నా?' అన్నాడు.

స్టేషనంతా ఘొల్లున నవ్వింది. ఆవిడ నవ్వలేదు. కాగితం మళ్లీ నాలుగు మడతలు పెట్టుకుని సంచిలో వేసుకుని వెళ్లిపోయింది. తను సర్దిచెప్పింది కూడా లేదు. ఊరికే రాశాడంతే.

ఇన్‌స్పెక్టర్ చెవులు ఎర్రబడ్డాయి. ఎదురుగా కోడలు కూర్చుని ఉంది. తలెత్తి ఆమె ముఖం చూడడానికి మొహం చెల్లలేదు.

"మీరు ఇంటికెళ్లండమ్మా," అన్నాడు. ఇందాకటిదాకా 'నువ్వు' అన్నవాడికి ఇప్పుడు 'మీరు' అని నోరు తిరిగింది.

ఆమె వెళ్లిపోయాక కూడా చాలాసేపు రిజిస్టర్ ముందే కూర్చున్నాడు. 'కోడలికి ఏమీ కాదు, నాకే అవుతోంది.' ఆ మాటని ఆరోజు ఎగతాళి చేశాడు. ఈరోజు అదే ప్రశ్న అతన్ని పట్టుకుంది.

ఒకే మిషన్. ఒకే బోర్డు. ఇద్దరు మనుషులు. ఒకరికి కొడుతుంది, ఒకరికి కొట్టదు.

ఎందుకని?

"పొద్దున తీసిన ఫోటోలు పట్రండి," అన్నాడు రైటర్‌తో.

* * *

పన్నెండున్నరకి మళ్లీ ఫ్లాట్‌కి వెళ్లేసరికి హాల్లో ఇద్దరు కొత్తవాళ్లు కూర్చుని ఉన్నారు. చనిపోయినావిడ కొడుకు లారీ డ్రైవర్. తెల్లవారి కబురందితే రెండొందల యాభై కిలోమీటర్లు ఒక్క బిగిన వచ్చాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. అతని పక్కనే, ఇస్త్రీ నలగని చొక్కాలో, మెషిన్ కంపెనీ బ్రాంచ్ మేనేజర్. కొడుకు చేతిలో పెన్ను ఉంది.

"ఏం కాగితం అది?"

"ఏం లేదు సార్. మానవత్వంతో కంపెనీ కొత్త మెషిన్ ఇస్తోంది," అన్నాడు మేనేజర్. "పాతది ఇప్పుడే తీసుకెళ్లిపోతాం. కళ్లముందుంటే వీళ్లకి బాధ కదా. కింద వ్యాన్ రెడీగా ఉంది."

ఇన్‌స్పెక్టర్ కాగితం అందుకున్నాడు. పై నాలుగు లైన్లూ సంతాపం. అయిదో లైను: 'వినియోగదారులు స్వయంగా ప్లగ్ బోర్డు మార్చుకున్నందువల్ల జరిగిన ప్రమాదమని అంగీకరిస్తున్నాము.'

"ఇది చదివారా?" కొడుకుని అడిగాడు.

కొడుకు తల అడ్డంగా ఊపాడు. "సంతకం పెడితే మా ఆవిడ మీద కేసుండదన్నాడు సార్. ఇంక వేరే ఏం ఆలోచించలేదు."

ఆ మాట ఇన్‌స్పెక్టర్‌కి సూదిలా గుచ్చుకుంది. ఆ భయం పెట్టింది తనే.

"సంతకం పెట్టకండి. మెషిన్ గుమ్మం దాటడానికి వీల్లేదు. అది ఎవిడెన్స్. ఇక్కడే సీలు వేస్తున్నాను. మేనేజర్ గారూ, మీరు కూర్చోండి. ఈ ఇంటికొచ్చిన మీ సర్వీస్ మెకానిక్‌ని పిలిపించండి."

మేనేజర్ ఫోన్ చేసేటప్పుడు రెండుసార్లు నంబరు తప్పు నొక్కాడు.

* * *

రెండింటికి అందరూ వంటగదిలో చేరారు. కొడుకు, కోడలు, మేనేజర్. నలభై ఏళ్ల మెకానిక్, టూల్ బ్యాగ్ గుండెలకి హత్తుకుని. పొద్దున వచ్చిన టెక్నీషియన్ మళ్లీ మీటర్‌తో. గుమ్మంలో రైటర్.

"అమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్ కోడలితో. "మీరు బట్టలు ఏ నీళ్లలో ఉతుకుతారు?"

"చన్నీళ్లలో. కరెంటు కలిసొస్తుందని."

"మీ అత్తగారు?"

"వేడి నీళ్లలో. ముప్ఫై ఏళ్లు వార్డులో పనిచేసింది కదండీ. దుప్పట్లు సలసల కాగే నీళ్లలో ఉతికితే గానీ ఆవిడకి ఉతికినట్టుండదు."

"ఈ గదిలోకి వచ్చేటప్పుడు కాళ్లకి ఏం వేసుకుంటారు మీరు?"

"రబ్బరు చెప్పులు."

"ఆవిడ?"

"చెప్పులు గుమ్మం బయటే విడిచేది. శుభ్రం చేసే చోట చెప్పులేమిటనేది."

ఇన్‌స్పెక్టర్ పొద్దున తీసిన ఫోటో బల్ల మీద పెట్టాడు. అందులో కనిపిస్తున్న మెషిన్ నాబ్ మీద వేలు ఉంచాడు. ముల్లు తొంభై డిగ్రీల దగ్గరుంది.

"పొద్దున మనం టెస్ట్ చేసింది చన్నీళ్లతో, రెండు నిమిషాలు. ఈ ఫోటో అప్పటికే తీసి ఉంది. నేను చూడలేదు." టెక్నీషియన్ వైపు తిరిగాడు. "తొంభై మీద పెట్టండి. ఎవరూ దగ్గరికి రావద్దు."

మెషిన్ గిర్రుమంది. టైము రెండూ ఆరు.

అయిదు నిమిషాలు. మీటర్ ముల్లు కదల్లేదు. పది నిమిషాలు. మేనేజర్ వాచీ చూసుకున్నాడు. "అనవసరంగా కంపెనీ పేరు..."

రెండూ ఇరవైకి ముల్లు వణికింది. రెండూ ఇరవై ఒకటికి లేచింది. నూట ఎనభై. రెండు వందల పది వోల్టులు.

"ఆపెయ్యండి!" అని కోడలు కేక పెట్టింది.

టెక్నీషియన్ మెయిన్ ఆపి వెనక రేకు విప్పాడు. నీళ్లు కాచే హీటర్ పైపు మీద వెంట్రుకంత చీలిక. వేడెక్కితే తెరుచుకుంటుంది, చల్లారితే మూసుకుంటుంది. ఆ కరెంటు భూమిలోకి పోవడానికి ఉన్న ఎర్త్ వైరు నట్టు బిగించకుండా వేలాడుతోంది.

"కొత్త బోర్డులో ఎర్త్ నిక్షేపంగా ఉంది సార్. మెషిన్‌లోపలే లేదు. ఇది ఫ్యాక్టరీలో జరిగిన తప్పు."

"అంటే తడి గచ్చు మీద ఒట్టికాళ్లతో నిలబడి, వేడి నీళ్ల మెషిన్ ముట్టుకున్నవాళ్లకే షాక్," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఈ ఇంట్లో అలాంటి మనిషి ఒక్కరే."

మేనేజర్ చేతులు అడ్డంగా ఊపాడు. "ఏదో ఒక్క పీసులో..."

"ఒక్కటి కాదు." ఆ మాటన్నది మెకానిక్. బ్యాగ్ కిందికి జారిపోయింది. "ఏడు ఇళ్లలో ఇదే కంప్లయింట్ వచ్చింది సార్. చన్నీళ్లతో చూపించి 'మెషిన్ ఓకే' అని రాసి రమ్మన్నారు. కాగితం మీద ఏమీ పెట్టొద్దన్నారు. ఈ ఇంటికి వచ్చినప్పుడు పెద్దావిడ నాకు కుర్చీ వేసింది. 'నువ్వైనా నిజం చెప్పు నాయనా' అంది. నేను అదే రాసి వెళ్లిపోయాను. ఈ బ్యాచ్‌వి ఈ ఊళ్లో ముప్ఫై ఒకటి అమ్మారు. అన్నీ నేనే బిగించాను. అడ్రసులు నా దగ్గరున్నాయి."

జేబులోంచి చిన్న పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు.

కొడుకు మేనేజర్ మీదికి లేచాడు. రైటర్ అడ్డం వచ్చి కూర్చోబెట్టింది.

"ఇంకొకడున్నాడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

అందరూ అతనివైపు చూశారు. ఉద్యోగంలో చేరి పద్దెనిమిదేళ్లు. ఇలాంటి గదుల్లో ఎన్నోసార్లు నేరస్తుణ్ని వేలెత్తి చూపించాడు. ఇవాళ చెయ్యి లేవలేదు.

"ఇరవై రోజుల కిందట ఆవిడ నా దగ్గరికి వచ్చింది. కోడలికి కొట్టదు, నాకే కొడుతుంది అని చెప్పింది. ఈ కేసుకి అంతకంటే పెద్ద క్లూ లేదు. ఆ క్లూ ఆవిడే తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను జోకు వేశాను. పదిమందీ నవ్వారు. రిజిస్టర్‌లో సర్దిచెప్పానని రాశాను. అది కూడా అబద్ధమే."

కోడలివైపు తిరిగాడు.

"క్షమించమని అడగడానికి నాకు అర్హత లేదమ్మా."

కోడలు మెషిన్‌వైపే చూసింది. ఏడవలేదు, అరవలేదు.

"మీరు వచ్చినా ఆవిడ బతికేదో లేదో నాకు తెలీదు," అంది మెల్లగా. "కానీ ఆరోజు వచ్చి ఒక్కసారి చూసుంటే, నేనేం చెయ్యలేదని అత్తయ్యకి తెలిసేది. 'నన్ను చంపాలని చూస్తోంది నా కోడలు' అనుకుంటూనే పోయింది. అది నేనెవరికి చెప్పుకోను?"

ఇన్‌స్పెక్టర్ తల కొట్టేసినట్టు నిలబడిపోయాడు.

* * *

సాయంత్రం రిపోర్ట్ రాశాడు. కంపెనీ, మేనేజర్, మెకానిక్. నాలుగో పేరుగా తనది.

పై అధికారి చదివి కళ్లద్దాలు తీశాడు. "నాలుగోది అవసరమా? కేసుకి దాంతో పనిలేదు కదా."

"ఉంది సార్."

"ఎంక్వయిరీ పడుతుంది. తెలుసా?"

"పడనివ్వండి."

మర్నాడు ఆ బ్యాచ్ మెషిన్లు వాడొద్దని వినియోగదారుల రక్షణ శాఖ నోటీసు ఇచ్చింది. కానీ నోటీసులు చదివేవాళ్లెందరు? తొమ్మిదింటికల్లా ఇన్‌స్పెక్టర్ మెకానిక్‌ని వెంటబెట్టుకుని, చిన్న పుస్తకం పట్టుకుని బయల్దేరాడు. ఒక్కో ఇంటి తలుపు కొట్టడం. ప్లగ్ పీకడం. సీరియల్ నంబరు రాసుకోవడం. ఫిర్యాదు ఎక్కడివ్వాలో చెప్పడం. మెషిన్ ఎవరికీ అప్పగించొద్దని, దేనిమీదా సంతకం పెట్టొద్దని మరీమరీ చెప్పడం.

పదమూడో ఇంటి తలుపు తీసే ఉంది. పదకొండున్నర. లోపల మెషిన్ గిర్రున తిరుగుతున్న చప్పుడు. తలకి టవల్ చుట్టుకున్న ఇల్లాలు ఒట్టికాళ్లతో, తడి చేతులతో అటే నడుస్తోంది.

"ముట్టుకోకండి!"

బూట్లతోనే లోపలికి దూకాడు. గోడనున్న మెయిన్ కిందికి లాగాడు. ఫ్యాన్లు ఆగాయి. లోపలి గదిలో టీవీ ఆగింది. 'ఎవడ్రా కరెంటు తీసింది' అని ఒక పెద్దాయన గొంతు లేచింది.

ఇల్లాలు రెండు చేతులూ నడుముకి పెట్టుకుంది.

"ఏం మనిషివయ్యా నువ్వు? పోలీసైతే మాత్రం? అడగా పెట్టా లేకుండా ఇంట్లోకి దూరి, కరెంటు తీసి, ఇప్పుడే తుడుచుకున్న గచ్చంతా బూట్లతో తొక్కి... సిగ్గు లేదూ?"

మెకానిక్ అడ్డం రాబోయాడు. ఇన్‌స్పెక్టర్ చేత్తో వారించాడు. ఆవిడ మొత్తం తిట్టేదాకా నిలబడి విన్నాడు.

తర్వాత అడిగాడు. "అమ్మా, ఈ మిషన్ ముట్టుకుంటే మీకెప్పుడైనా జిల్లుమందా?"

ఆవిడ నడుము మీంచి చేతులు తీసింది. ఒకసారి మెషిన్‌వైపు, ఒకసారి అతనివైపు చూసింది.

"అంటే... అప్పుడప్పుడు. మా ఆయనతో చెప్తే అంతా నీ భ్రమ అన్నాడు. ఇంక ఎవరికీ చెప్పలేదు."

ఇన్‌స్పెక్టర్ నోట్‌బుక్ తెరిచాడు. గోడవారనున్న పీట లాక్కుని కూర్చున్నాడు.

"నాకు చెప్పండి," అన్నాడు. "మొదట్నుంచీ చెప్పండి."