నాలుగో రీల్లో చచ్చిపోయిన పిల్ల

నేను కథ చెబుతుంటే మద్రాసులో ఫ్యాన్లు ఆగిపోయేవి. ప్రొడ్యూసరే లేచి ఆపేసేవాడు, గదిలో నా గొంతు తప్ప ఇంకో చప్పుడు ఉండకూడదని. ముప్పై ఏళ్ళలో నలభై మూడు సినిమాల కథలు నోటితో చెప్పి ఒప్పించాను. ఒకసారి క్లైమాక్స్ మధ్యలో ఫైనాన్షియర్‌కి గుండె పట్టేసింది. ఆయన్ని కారెక్కించి, ఆస్పత్రికి పోయే దారిలో మిగతాది పూర్తి చేశాను. స్ట్రెచర్ మీద పడుకునే సినిమా ఓకే అని బొటనవేలు చూపించాడు. అబద్ధమనుకుంటే ఆయన కొడుకుని అడగండి. అతనూ పోయాడనుకోండి.

అంతటి దక్షిణామూర్తి ఇప్పుడు కెనడాలో, కేంబ్రిడ్జ్ అనే ఊళ్ళో, ఒక ఇంటి బేస్‌మెంట్లో ఉంటున్నాడు. మా అమ్మాయి ధాత్రికి ఉద్యోగం వాంకూవర్‌కి మారినప్పుడు, "నువ్వెళ్ళమ్మా, ఈ ఊరు నన్ను వదలదు" అని గొప్పగా చెప్పి ఉండిపోయాను. ఊరికి ఆ సంగతి తెలియదు. పై వాటాలో వాళ్ళు వేర్‌హౌస్ షిఫ్టులకి పోతే ఇల్లంతా నేనూ, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసూ. అది ఆగినప్పుడల్లా ఎవరో మాట మధ్యలో మింగేసినట్టు ఉంటుంది. ఆదివారం ధాత్రి ఫోన్ చేస్తుంది. మిగతా ఆరు రోజులూ నా గొంతుకి పని లేదు.

అలాంటప్పుడు ఇషిత ఫోన్ చేసింది. ఇక్కడే పుట్టిన పిల్ల, టొరంటోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సెలవుల్లో చిన్న సినిమాలు తీస్తుంది. తెలుగువాళ్ళ పిక్నిక్‌లో నేను చెప్పిన ఫైటు ఒకటి విందట. తన మొదటి పెద్ద సినిమాకి పగ కథ కావాలంది. "టైటిల్స్‌లో మీ పేరు వేస్తాను అంకుల్" అంది.

నలభై మూడింట్లో ఒక్కదాని మీద కూడా నా పేరు పడలేదు. నోటితో చెప్పినవాడి పేరు ఎవడేస్తాడు? డెబ్భై నాలుగేళ్ళు వచ్చాయి. తెర మీద ఒక్కసారి చూసుకుంటే చాలు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

జనవరి శనివారం. కారులో వస్తానన్న పిల్ల, హైవే మీద మంచు కమ్మేయడంతో వీడియో కాల్‌లోకి వచ్చింది. మధ్యాహ్నం మూడున్నర. ఇస్త్రీ బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని నిలబడ్డాను. కూర్చుని కథ చెప్పడం నాకు చేతకాదు.

కథ మీకు తెలిసిందే. అన్న, చెల్లెలు. చెల్లెల్ని నలుగురు చెరుస్తారు. నాలుగో రీల్లో ఆమె ఉరేసుకుంటుంది. అక్కణ్ణుంచి పన్నెండు రీళ్ళు అన్న వేట. దీన్నే తొమ్మిది రకాలుగా తొమ్మిదిమందికి చెప్పాను, తొమ్మిదీ ఆడాయి.

"స్టార్ట్ చేసే ముందు ఒక క్వశ్చన్ అంకుల్. ఆ అమ్మాయి చచ్చిపోవాలా?"

"పోవాలి తల్లీ."

"వై? బతికి, తనే వాళ్ళని చంపొచ్చు కదా."

"చంపొచ్చు. దానికీ ఈలలు వేస్తారు. కానీ బతికున్న పిల్ల 'నాకీ నరుకుళ్ళు వద్దు' అందనుకో. అన్న పన్నెండు రీళ్ళు ఏం చేస్తాడు, గోళ్ళు గిల్లుకుంటాడా?"

"వద్దంటే ఆపెయ్యాలి కదా."

"ఆపేస్తే ఇంటర్వెల్‌కే జనం ఇళ్ళకి పోతారు."

ఇషిత నవ్వబోయి మానేసింది. తన మైక్ ఆపుకుంది.

ఆ ప్రశ్న నన్ను ఇంతకు ముందు ఒక్కరే అడిగారు. దమయంతి. డబ్బింగ్ ఆర్టిస్టు. నా సినిమాల్లో చెల్లెళ్ళ మొహాలు ఎవరివైనా, అరుపులన్నీ ఆమెవే. బుగ్గన లవంగం పెట్టుకుని చీకటి గదిలో అరిచేది. ఆ తర్వాత వేణ్ణీళ్ళు తాగి, క్యారియర్ విప్పి అందరితో కలిసి అన్నం తినేది. ఒకరోజు డబ్బింగ్ థియేటర్ మెట్ల మీద నా పక్కన కూర్చుని, కంపెనీ మేనేజరు తనని ఏం చేశాడో చెప్పింది. నా రక్తం ఉడికిపోయింది. వాణ్ణి ముక్కలు చేస్తానన్నాను.

"ముక్కలెందుకు మూర్తిగారూ," అంది. "రేపు నేను లోపలికొస్తే అందరూ మామూలుగా చూడాలి. వాడు బయట ఉండాలి. అంతే."

వాణ్ణి నేనేమీ అనలేదు. తర్వాతి వారం కథా చర్చల్లో ఆ సంగతంతా చెప్పాను. వేటకొడవలి నా ఊహ. ఉరితాడు కూడా నా ఊహే. పెద్ద పెద్దవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. అరుపు కోసం మళ్ళీ దమయంతినే పిలిచారు. ఒక్క టేకులో అరిచింది. బయటికొచ్చి, "ఆ పిల్లని చంపాల్సిందేనా?" అని అడిగింది.

ఆ పిల్ల ఎవరో యూనిట్లో అందరికీ తెలిసిపోయింది. సినిమా వంద రోజులు ఆడింది. ఆ వంద రోజులూ ఆమెని, ఇది ఇంకా బతికే ఉందేమిటన్నట్టు చూశారు. క్యారియర్ ఒక్కతే విప్పుకునేది. తర్వాత రావడం మానేసింది. ఏదో లాడ్జిలో పోయిందన్నారు. ఎలా అని నేను అడగలేదు. శతదినోత్సవంలో ఉన్నాను.

ఇక్కడ ఒక్క మాట కూడా పెంచలేదు. కావాలంటే పైన చెప్పిన ఫైనాన్షియర్ని కొట్టేయండి.

కథ మొదలుపెట్టాను. వాన నా నోటితోనే, రైలు నా నోటితోనే. విలన్ చెప్పుల చప్పుడు నాలుకతో చేస్తాను. నాకు రానిది ఒక్కటే, ఆడగొంతు. చెల్లెలు మాట్లాడాల్సిన చోట చెయ్యెత్తి ఆగుతాను. వినేవాళ్ళు ఊహించుకోవాలి.

నాలుగున్నరకే కిటికీ నీలంగా మారింది. మంచు అద్దం సగం దాకా పేరుకుంది. లైటు వేద్దామనుకున్నాను, కానీ ఊపులో ఉన్నాను. నాలుగో రీలు వచ్చింది. చెల్లెలు గది తలుపేసుకుంది. చెయ్యెత్తాను... ఆగాను.

ఫర్నేసు ఆగిపోయింది.

నా వెనక ఎవరో వేడినీళ్ళు గుటక వేసిన చప్పుడు. లవంగం వాసన... వారం రోజులుగా నేను పొయ్యి మీద బ్రెడ్డు తప్ప ఏమీ కాల్చలేదు.

అన్న శపథం అందుకుందామని నోరు తెరిచాను. గొంతు రాలేదు. దగ్గాను. దగ్గుకి కూడా చప్పుడు లేదు. మళ్ళీ ప్రయత్నించాను... పెదవులు కదులుతున్నాయి, అంతే.

తెర మీద ఇషిత ముందుకి వంగింది. తలాడించింది. చెంపలు తుడుచుకుంది. నేను నోరు మూసేశాను. ఆమె ఇంకా తలాడిస్తూనే ఉంది. ఒక చోట గట్టిగా తల అడ్డంగా ఊపింది. ఎవరి మాట వింటోంది... వెనక్కి తిరగాలి. నలభై మూడు సినిమాల విలన్లని ఒంటిచేత్తో మట్టికరిపించినవాణ్ణి, మెడ తిప్పలేకపోయాను. నా భుజం పక్క నుంచి చల్లగాలి వస్తూ పోతూ ఉంది. ఊపిరిలా.

గంటా పది నిమిషాలు. గడియారం చూస్తూ నిలబడ్డాను.

ఇషిత మైక్ మళ్ళీ ఆన్ చేసుకుంది. గుసగుసగా అంది: "అంకుల్... నేను పగ కథ తియ్యను. ఇదే తీస్తాను. ఆమె చెప్పినట్టే." వెంటనే, "ఆ వాయిస్ ఎలా చేశారు? అంతసేపు?"

తల అడ్డంగా ఊపాను. చీకట్లో ఆమెకి కనబడలేదేమో.

"టైటిల్స్‌లో మీ పేరు వద్దన్నారుగా. ఓకే. దమయంతి అనే వేస్తాను."

కాల్ కట్ అయింది. లైటు వేసి చూస్తే వెనక గోడ, గోడకి నా కోటు. ఫర్నేసు దానంతటదే మొదలైంది.

గొంతు తిరిగి రాలేదు. డాక్టరు ముక్కులోంచి కెమెరా పంపించి చూశాడు. అంతా శుభ్రంగా ఉందన్నాడు. అందుకే ఇదంతా రాయాల్సి వచ్చింది, చెప్పగలిగితే ఇంకా బాగుండేది.

ఆదివారం ధాత్రి ఫోన్ చేసింది. మెసేజ్ పెట్టాలని తోచక, అలవాటుగా ఎత్తి నోరు తెరిచాను.

"చెప్పు నాన్నా," అంది. తర్వాత, "ఎప్పుడు?" అంది. చాలాసేపు వింది. సన్నగా ఏడుస్తోంది. "మరి అప్పుడు నువ్వెక్కడున్నావు నాన్నా?"

పెట్టేసింది. మూడు ఆదివారాలైంది. మళ్ళీ చెయ్యలేదు.

ఇవాళ పొద్దున వాకిట్లో మంచు తీస్తుంటే పక్కింటి తెల్లాయన పలకరించాడు. చెయ్యి ఊపి, మర్చిపోయి నోరు తెరిచాను. ఆయనకి తెలుగు ఒక్క ముక్క రాదు. పార మంచులో గుచ్చి, టోపీ తీసి చేత్తో పట్టుకుని, ఆ చలిలో కదలకుండా నిలబడి, చివరిదాకా విన్నాడు.