ఎర్ర గౌను ఒక్కటే

పిచ్చుక కనబడకుండా పోయి ఒక రాత్రి గడిచింది. ఆరేళ్ల పిల్ల.

నిన్న పదకొండింటికి ఫొటో స్టూడియోలోంచి బయటికొచ్చింది. పక్కనే తల్లి టైలరింగ్ షాపు. అక్కడికి మాత్రం చేరలేదు.

తల్లి షాపులోనే కూర్చుని కంటికీ మింటికీ ఏకధారగా ఏడుస్తోంది. ఆమె అక్క ఒళ్లోకి లాక్కుని ఓదారుస్తోంది. పోయినేడు సొంత కూతుర్ని జ్వరానికి పోగొట్టుకున్న మనిషి. కబురు తెలిసి పొద్దున్నే పరుగెత్తుకొచ్చింది.

“ఊరుకోవే. ఆకుపచ్చ రిబ్బన్లు ఊపుకుంటూ అదే వచ్చేస్తుంది.”

ఇన్‌స్పెక్టర్ ఆ మాట విని, స్టూడియోకి నడిచింది. పిల్లను ఆఖరిసారి చూసింది ఫొటోగ్రాఫర్. జనం అతని స్టూడియో షట్టర్ బాదుతున్నారు.

“మీరు వెళ్లిపోతే వీళ్లు నన్ను బతకనివ్వరు మేడమ్.”

నిన్నటి ఫొటోయే పోస్టరై ఊరంతా గోడలెక్కింది. గౌను ఒక్కటే ఎరుపు. మొహం, జడలు, వెనక తెర, అన్నీ బ్లాక్ అండ్ వైట్.

“ఇలా ఎందుకు చేశావు?”

“వాళ్లమ్మే అడిగింది. తను కుట్టిన గౌను ఒక్కటే కనబడాలంది. కంప్యూటర్లో మొత్తం రంగు తీసేసి, గౌను వరకు బ్రష్‌తో మళ్లీ తెప్పించాను.”

“అసలు ఫొటో చూపించు.”

స్క్రీన్ మీద రంగులు వచ్చాయి. ఇన్‌స్పెక్టర్ ముందుకి వంగింది.

“తల్లి తెల్ల రిబ్బన్లు కట్టానంది. ఇవి ఆకుపచ్చవి.”

“ఒకటి తెగింది మేడమ్. తీసేసి నా దగ్గరున్నవి కట్టాను.”

“ఎవరికైనా చెప్పావా?”

“అడిగితేగా? వచ్చినవాళ్లంతా కొట్టడానికే వచ్చారు.”

ఆమె గబగబా షాపుకి తిరిగొచ్చి అక్క ఎదుట కూర్చుంది.

“నిన్న పాపను చూశారా?”

“లేదండీ.”

“మరి రిబ్బన్లు ఆకుపచ్చవని ఎవరు చెప్పారు? మీ చెల్లెలు కట్టినవి తెల్లవి. పోస్టర్లో బూడిదరంగు. స్టూడియో నుంచి బయటికొచ్చాక పిల్లను చూసినవాళ్లకే ఆ రంగు తెలుస్తుంది.”

అక్క చెల్లెలి మీంచి చెయ్యి తీసేసింది.

“ఒక్క పూట ఉంచుకుందామనుకున్నాను. పోస్టర్లు పడ్డాక ఏ మొహం పెట్టుకుని తెచ్చివ్వను?”

తాళం వేసిన అక్క ఇంట్లో, చనిపోయిన అమ్మాయి గౌను తొడుక్కుని, టీవీ ముందు కూర్చుని దొరికింది పిచ్చుక. తల్లి దాన్ని గుండెలకి అదుముకుని, అక్క మీదికి చెయ్యెత్తింది. కొట్టలేకపోయింది.

అక్కను జీపెక్కిస్తుంటే పిచ్చుక వచ్చి తల్లి కొంగు లాగింది.

“పెద్దమ్మ ఏడుస్తోందమ్మా. రేపు మళ్లీ వస్తానని చెప్పు.”